మిరుగు నాటి నూడుల్స్

మా బాపమ్మ పోయిన కబురు నాకు సిరిసిల్లలో తెలిసింది. నేను అక్కడ మేనత్త ఇంట్లో ఉంటూ ఒక చిన్న బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. మూడో తరగతి పిల్లలకు డిక్టేషన్ ఇస్తుండగా అత్త వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆమె కాళ్ళకు రెండు వేరువేరు జతల చెప్పులున్నాయి.

"అమ్మ పోయిందట," అన్నది.

నేను చెబుతున్న వాక్యం సగంలో ఉంది. దాన్ని పూర్తి చేసి, పిల్లల చేత పుస్తకాలు మూయించి బయటికి వచ్చాను. ఎందుకు పూర్తి చేశానో నాకు తెలియదు. వెనక సందులో మరమగ్గాల చప్పుడు ఎప్పటిలాగే ఉంది.

వేములవాడ మీదుగా జగిత్యాల పోయే బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. చలికాలపు ఎండ ఆమె ఒళ్ళో పడుతోంది. జగిత్యాల దగ్గరపడుతున్నప్పుడు, "ఇగ మిరుగుకు మనం ఏడికి పోతం?" అన్నది. అప్పటిదాకా రాని ఏడుపు నాకు ఆ మాటతో వచ్చింది.

మిరుగు అంటే మృగశిర కార్తె మొదటి రోజు. ఎండలు అయిపోయి, మొదటి వాన కోసం అందరూ ఆకాశం వైపు చూసే రోజు. మా వైపు ఆ రోజు చేపలు వండుకుంటారు, బెల్లంలో ఇంగువ పెట్టుకుని మింగుతారు. మా ఇంట్లో మాత్రం ఆ రోజు నూడుల్స్ తినేవాళ్ళం. అది బాపమ్మ పుట్టినరోజు.

నిజానికి ఆమెకు పుట్టినరోజంటూ ఒకటి లేదు. నేను సిస్టర్లు నడిపే కాన్వెంటులో నాలుగో తరగతి చదువుతున్నప్పుడు, ఇంట్లో అందరి పుట్టినరోజులూ రాసుకురమ్మన్నారు. బాపమ్మను అడిగాను.

"మిరుగు నాడు పుట్టిన్నట. మా అవ్వ నొప్పులు పడుతుంటే, చేన్లకు పోయినోళ్ళు తడిసి ఇంటికచ్చిండ్రట. గంతే ఎరుక."

ఏ సంవత్సరమని అడిగాను.

"వానలు మంచిగ పడ్డ సంవత్సరమని రాసుకో."

అలాగే రాశాను. సిస్టర్ దాని కింద ఎర్ర సిరాతో గీత గీసింది కానీ కొట్టెయ్యలేదు. ఆ ఏడు మిరుగు నాడు అమ్మ పాయసం చేసింది. బాపమ్మ కొత్త చీర కట్టుకుని, ఎవరైనా ఏమైనా అంటారేమోనన్నట్టు తలుపు వెనక కూర్చుని తిన్నది. అంత వయసు వచ్చాక తన కోసం ఇంట్లో ఒక పండుగ జరగడం అదే మొదటిసారట.

మా ఊరు కోరుట్ల దగ్గర. అక్కడ మా వాళ్ళను దొరలు అనేవారు. నాకు ఊహ తెలిసేసరికే ఆ మాట చెల్లకుండా పోయింది. ఊళ్లోకి అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చారు. మా పొలాల్లో ఎర్రజెండాలు పాతారు. మా వాకిట్లోనే పంచాయతీ పెట్టి, ఎవరు ఎవరికి ఏం చేశారో అందరి ముందూ చెప్పించారు. ఆ తరువాత బాపు, అంటే మా నాన్న, అందరినీ ట్రాక్టరు ఎక్కించి జగిత్యాల తెచ్చి అద్దె ఇంట్లో పెట్టాడు. ఎరువుల దుకాణం తెరిచాడు. పొద్దు గూకితే మేము తలుపులు వేసుకునేవాళ్ళం. అన్నలు వస్తారని ఒక భయం. వాళ్ళ గురించి అడగడానికి పోలీసులు వస్తారని ఇంకో భయం.

ఆ మూసిన తలుపుల లోపల నాకు తోడు బాపమ్మే. ఆమెకు చదువు రాదు. కానీ నన్ను ఎప్పుడూ గట్టిగా చదవమనేది, అది ఇంగ్లీషు పాఠమైనా సరే. చింతపండు గింజలు తీస్తూ వినేది. ఒకసారి నేను మధ్యలో ఆపితే తల ఎత్తి, "ఆగినవేంది? ఆయిన ఇంటికి అచ్చిండా లేదా?" అని అడిగింది. నేను చదువుతున్నది వానపాము గురించి. వచ్చాడని చెప్పాను. ఆమె సంతోషించి మళ్ళీ పని అందుకుంది.

నచ్చని మాట ఎవరైనా అంటే చెవి మీద చెయ్యి పెట్టుకుని "ఇనవడ్తలేదు" అనేది. నచ్చే మాట పక్కింట్లో అన్నా ఆమెకు వినిపించేది. చుట్టాలు వస్తే నేను పుస్తకం తీసుకుని బియ్యం గదిలోకి పోయేదాన్ని. పిల్ల ఎవరితోనూ మాట్లాడదని అమ్మ బాధపడితే, "దాని మాటలు ఇంక ఉడుకుతున్నయి, మూత తియ్యకు," అనేది. ఇంట్లో నా మౌనాన్ని తప్పుగా చూడని మనిషి ఆమె ఒక్కతే.

నూడుల్స్ మొదట తెచ్చింది బాపు. నేను ఐదో తరగతిలో ఉండగా బస్టాండు దారిలో, మా ఇంటికి దగ్గరలోనే, ఎర్ర రంగు బండి ఒకటి వచ్చింది. దాని మీద పసుపు అక్షరాలతో చైనీస్ అని రాసి ఉండేది. పక్కన నోరు తెరిచిన డ్రాగన్ బొమ్మ. అందరూ దాన్ని పాము అనేవారు. బాపు ఒక సాయంత్రం పిల్లలకని పొట్లం తెచ్చాడు. బాపమ్మ ఒక పోగు పట్టుకుని పైకి ఎత్తి చూసింది.

"ఈ సేమియా గింత పొడుగున్నదేంది?"

తిన్నది. ఇంకొంచెం పెట్టించుకుని తిన్నది. ఆమెకు మిగిలినవి నాలుగైదు పళ్ళు. నమలనక్కరలేకుండా జారిపోయే ఆ పోగులు, సన్నగా తరిగిన క్యాబేజీ, వెనిగర్‌లో నానిన మిరపకాయ ముక్కలు ఆమెకు ఎంత నచ్చాయంటే, "నా అసువంటి ముసలిదాని కొరకే కనివెట్టినట్టున్నరు చీనోళ్ళు," అన్నది. తరువాతి మిరుగుకు ఏం వండమంటావని అమ్మ అడిగితే, పొడుగు సేమియా తెప్పించమన్నది.

కొన్నాళ్ళకు బాపు ఆ బండి దగ్గరికి పోవడం మానేశాడు. ఎందుకో చెప్పలేదు. అప్పటినుంచి అమ్మ నన్ను పంపేది. ప్లాస్టిక్ కవరులో తెస్తే వాసన వస్తుందని బాపమ్మ తన స్టీలు గిన్నె ఇచ్చేది. మొదటి రోజు బండాయన నన్ను ఎవరి బిడ్డవని అడిగాడు. బాపు పేరు చెప్పాను. ఆయన కాసేపు కడాయి వైపే చూశాడు. తరువాత, "గిన్నె ఆడ పెట్టు," అని బండి ముందున్న రాయి చూపించాడు.

పెట్టాను. ఆయన కడాయి రెండు చేతులతో ఎత్తి, తన భుజాల ఎత్తు నుంచి వంచాడు. నూడుల్స్ సన్నటి ధారలాగా వచ్చి గిన్నెలో పడ్డాయి. ఒక్క పోగు కూడా బయట పడలేదు. మిగతా వాళ్ళకు ఆయన గరిటెతో పెట్టేవాడు. నాకు మాత్రం ఎప్పుడు వెళ్ళినా అలాగే పోసేవాడు. అది ఆయన పనితనమని, నేను చిన్నపిల్లనని నా కోసం చేసి చూపిస్తున్నాడని అనుకున్నాను. దానికి నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆ ఏడు మిరుగుకు సిరిసిల్ల నుంచి అత్త వాళ్ళూ వచ్చారు. అందరం నూడుల్స్ పళ్ళేలతో చాపల మీద గుండ్రంగా కూర్చున్నాం. బడి ఎట్లున్నదని, ఏం చదువుతున్నావని అత్త నన్ను పలకరించింది. జవాబు చెప్పడం చేతగాక, నాకు బాగా తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాను. బండాయన నూడుల్స్ ఎంత పైనుంచి పోస్తాడో చెప్పాను. గిన్నెను ముట్టనైనా ముట్టడని చెప్పాను. లేచి నిలబడి, చేతులు ఎత్తి చేసి చూపించాను కూడా.

"మనకొక్కలకే గట్ల పోస్తడు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అమ్మ బాపు వైపు చూసింది. బాపు తన పళ్ళెం వైపు చూశాడు.

"ఎవలు వాడు?" అని అడిగింది బాపమ్మ.

బాపు చెప్పాడు. ఊళ్లో మా ఇంట్లో ఏడాది జీతానికి పశువులు చూసిన మనిషి చిన్న కొడుకు. చిన్నప్పుడే బొంబాయి పోయి, హోటళ్ళలో గిన్నెలు కడిగి, వంట నేర్చుకుని వచ్చాడు. వాళ్ళ అన్న అడవిలో ఉన్నాడని అనుకుంటున్నారు.

బాపమ్మ నాతో చెప్పింది, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేనట్టు, నాకే.

"వాడు చిన్నగున్నప్పుడు వాళ్ళ నాయినెంట అచ్చేటోడు బిడ్డా. కొట్టం కాడ సత్తు గిన్నె పట్టుకోని నిలవడేటోడు. నేనే పోసిన, గట్లనే, మీదికెల్లి. ఎప్పుడన్న గరిటె వాని గిన్నెకు తాకితే, గరిటె కడుగుమని లోపలికి పంపేదాన్ని."

మా ఇంట్లో పని చేసేవాళ్ళ గిన్నెలు కొట్టంలో గోడగూట్లో ఉండేవని, వాళ్ళకు అన్నం అలాగే పైనుంచి పోసేవారని అమ్మ తరువాత చెప్పింది. నేను ఆ ఇల్లు చూసి ఉన్నాను. ఆ గూడు చూసిన గుర్తు కూడా ఉంది. అది దేనికని నేను ఎప్పుడూ అడగలేదు.

తినకుండా లేస్తుందేమోనని అందరూ భయపడ్డారు. బాపమ్మ లేవలేదు. ఆ నూడుల్స్ మొత్తం తిన్నది. తల ఎత్తకుండా, మెల్లగా, ఒక్క పోగు వదలకుండా.

మరుసటి ఏడు మిరుగుకు వారం ముందు, తాను బండి దగ్గరికే పోయి అక్కడే కూర్చుని తింటానని చెప్పింది. బాపు ఒప్పుకోలేదు. దొర్సాని రోడ్డు మీద బెంచీ మీద కూర్చుందని అన్నలకు ఒక కబురు పోతుంది, ఎవరి బండి దగ్గర కూర్చున్నదో పోలీసులకు ఇంకో కబురు పోతుంది అన్నాడు. కావాలంటే పది ప్లేట్లు ఇంటికే తెప్పిస్తానన్నాడు. చివరికి అసలు మాట అన్నాడు.

"వాని ముందట నేను ఎట్ల కూసోవాలె అమ్మా?"

"నువ్వు కూసోకు. నేను కూసుంట."

బాపు ఇంకేదో అనబోయాడు. ఆమె చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

ఇద్దరమే పోయాం. ఆమె ఉతికి గంజి పెట్టిన చీర కట్టుకుంది. ఇంకా ఎండ పోలేదు. బండాయన మమ్మల్ని దూరం నుంచే చూశాడు. చూసిన వెంటనే చేతిలో గరిటె వదిలేసి, బండి వెనక నుంచి ఇవతలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మరుక్షణం తాను అలా నిలబడ్డ సంగతి తానే గమనించినట్టున్నాడు. చేతులు విడిపించుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

బాపమ్మ బెంచీ మీద కూర్చుంది. "నా పుట్టినరోజు బిడ్డా. అందరికి పెట్టినట్టే నాకు గూడ ఒక ప్లేటు పెట్టు," అన్నది.

ఆయన ప్లేటు తుడిచి, గరిటెతో పెట్టి తెచ్చి ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె కొంచెం తిని, పక్కన ఖాళీ జాగా చూపించింది.

"నువ్వు గూడ పెట్టుకోని రా. కూసో."

"గిరాకీ ఉన్నదమ్మా," అన్నాడాయన. నిజంగానే ఉంది. ఆరేడుగురు నిలబడి ఉన్నారు.

ఇంటికి నడుస్తూ బాపమ్మ నాతో తన కోరిక చెప్పింది. వాడు ఒక్కసారి తన పక్కన కూర్చుని తినాలి. అంతే, ఇంకేమీ వద్దు. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. కాన్వెంటులో తప్పు చేస్తే సారీ చెప్పాలని నేర్పారు. ఆ మాట ఏదో ఆయనకు చెప్పేస్తే అయిపోతుంది కదా అన్నాను.

"మాటతోని ఏమైతది బిడ్డా? నేను మాటతోని పోసిన్నా? చేతితోని పోసిన."

ఆ తరువాత ఆయన మా గిన్నె ఎప్పుడూ రాయి మీద పెట్టమనలేదు. చేతిలోకి తీసుకుని గరిటెతో నింపేవాడు. తరువాతి ఏడు మిరుగుకు అమ్మ కూడా వచ్చింది. ఆ పై ఏడు సిరిసిల్ల నుంచి అత్త కుటుంబమంతా వచ్చింది. బాపు అందరికంటే ఆఖరున వచ్చాడు. రోడ్డు వైపు వీపు పెట్టుకుని కూర్చుని తిని, చివర్లో ఇంకొన్ని మిరపకాయలు అడిగాడు. ఆ రోజు బాపమ్మ ముఖం చూడవలసింది.

బండి పోయి రేకుల షెడ్డు వచ్చింది. బెంచీలు పోయి బల్లలు వచ్చాయి. మిరుగు దగ్గరపడితే ఆయనే నన్ను ఆపి, ఎంతమంది వస్తారని అడిగేవాడు. బాపమ్మ కోసం క్యాబేజీ వేరేగా, ఇంకా సన్నగా తరిగేవాడు. గోబీ మంచూరియా ఆమె పళ్ళకు గట్టిగా తగలకుండా మెత్తగా వేయించేవాడు. కారం ఎక్కువైందా అని అడిగేవాడు. ఏ లోటూ చెయ్యలేదు. ప్రతి ఏడూ ఆమె పక్కన జాగా చూపించేది. ప్రతి ఏడూ ఆయన గిరాకీ ఉన్నదనేవాడు. పిల్లలం దాన్ని నవ్వులాటగా కూడా చేసుకున్నాం. ఆమె అడగగానే ఆయన కంటే ముందు మేమే "గిరాకీ ఉన్నదమ్మా" అనేవాళ్ళం. ఆయనా నవ్వేవాడు. బాపమ్మ కూడా నవ్వేది. నవ్వుతూనే ఆ జాగా మీద తన చేతిరుమాలు పరిచి, ఇంకెవరినీ కూర్చోనిచ్చేది కాదు.

ఒక ఏడు ఎండాకాలంలో ఆయన అన్న ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పేపర్లో వచ్చింది. షెడ్డు చాలా రోజులు మూసి ఉంది. ఆ మిరుగుకు బాపమ్మ పుట్టినరోజు వద్దన్నది. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి పోయింది. బాపు ఈసారి ఆపలేదు. ఆయన ఇంటి ముందు చాలామంది ఉన్నారు. మమ్మల్ని చూసి అందరూ మాటలు ఆపారు. బాపమ్మ అరుగు మీద ఒక మూల కూర్చుంది. ఆయన తల్లి లోపలి నుంచి వచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయింది. ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. బాపమ్మ పొద్దు వాలేదాకా అట్లే కూర్చుని లేచింది. దారిలో, "ఇయ్యకున్నా మంచిదే. అడిగి తాగే మొఖం కాదు నాది," అన్నది.

మరుసటి ఏడు మళ్ళీ పోయాం. ఆయన మళ్ళీ క్యాబేజీ సన్నగా తరిగాడు.

ఇప్పుడు ఇంటికి అందరూ వచ్చి బాపమ్మ గురించి మంచి మాటలు చెబుతున్నారు. గడప దాటి ఎరగని మనిషి అని, దేవత అని అంటున్నారు. ఆమె గడప దాటిన మనిషని నాకు తెలుసు. దేవత కాదని ఆమే నాకు చెప్పింది. ఆమె చేసింది ఆమెకు గుర్తుంది. దాన్ని ఎవరి మీదా నెట్టలేదు. కాలం అట్లుండెనని కూడా అనలేదు. ఏడాదికి ఒకసారి పోయి అడిగేది, ఆయన కాదంటే తిరిగి వచ్చేది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇలా అడగడం చూడలేదు. మనుషుల ముందు నోరు తెరవలేని నేను ఇవాళ ఇరవైమంది పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతున్నానంటే, ఆ బెంచీ దగ్గరికి ఆమె వెంట నడిచి పోవడం వల్లనే.

పోయిన మిరుగు ఆమెకు ఆఖరిది. బాగా చిక్కిపోయింది. ఆటోలో తీసుకుపోయాం. మేము తింటుండగానే మబ్బు పట్టి, ఒక్కసారిగా వాన దంచికొట్టింది. బల్లల దగ్గరున్న వాళ్ళు గబగబా తినేసి పోయారు. రోడ్డు మీద మనిషి లేడు. పిల్లలు తడుస్తారని బాపు అందరినీ ఆటో ఎక్కించి ముందు పంపించి, తనూ వాళ్ళతో పోయాడు. ఆటో మళ్ళీ వచ్చేదాకా నేనూ బాపమ్మా ఉండిపోయాం. ఆమె ప్లేటు ఇంకా ముట్టుకోలేదు.

షెడ్డులో మేము ముగ్గురమే. ఆయన పొయ్యి ఆర్పేసి, చేతులు తుడుచుకుని వాన చూస్తున్నాడు. బాపమ్మ తన పక్క జాగా మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు గిరాకీ లేదు గద బిడ్డా."

ఆయన తిరిగి చూశాడు. ఆమె వైపు చూశాడు, ఆ జాగా వైపు చూశాడు. వస్తాడనే నేను అనుకున్నాను. ఒక అడుగు వేశాడు కూడా. ఆగిపోయాడు. తల వంచుకుని పొయ్యి దగ్గరికి పోయి, అగ్గిపుల్ల గీసి మళ్ళీ వెలిగించాడు. కడాయి పెట్టాడు. నూనె పోశాడు. క్యాబేజీ వేశాడు.

బాపమ్మ చూస్తూ కూర్చుంది. కాసేపటికి తన ప్లేటు దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. మొత్తం తిన్నది. ఆటో వచ్చి హారన్ కొట్టింది.

"పోదాం పా బిడ్డా. ఆయిన పనిల ఉన్నడు," అన్నది.

మేము లేస్తుంటే ఆయన వెనక్కి తిరగకుండానే, "మెట్టు కాడ పైలం అమ్మా, జారుతది," అన్నాడు.

నేను ముందు దిగి గొడుగు పట్టుకున్నాను. ఆమె దిగలేదు. రేకుల అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. లోపల మంట పైకి లేస్తోంది. తినేవాళ్ళెవరూ లేని ఆ షెడ్డులో ఆయన కడాయి ఎగరేస్తూ, పట్టుకుంటూ, మళ్ళీ ఎగరేస్తూ ఉన్నాడు. బాపమ్మ మెట్టు మీద నిలబడి, స్తంభం పట్టుకుని, ఆయన వీపునే చూస్తోంది.